కుందూ నది ఎవరిది? వానొస్తే భయం, ఎండొస్తే కంపు.. నంద్యాల మరిచిపోయిన నది కథ

నంద్యాలలో కుందూ బ్రిడ్జి మీద బండి ఆపే సందర్భాలు రెండే. ఒకటి, వరద వచ్చినప్పుడు. అప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు, అందరి స్టేటస్‌లలో కుందూ వీడియోలే. రెండోది, ఇంట్లో పూజ అయ్యాక మిగిలిన పూలు, పాత పటాలు కవర్లో కట్టి తెచ్చి నదిలోకి విసిరేటప్పుడు. మిగతా 350 రోజులూ ముక్కు మూసుకుని దాటేస్తాం.

మరి ఈ నదిని ఎవరు చూసుకోవాలి? మున్సిపాలిటీనా? ఇరిగేషన్ వాళ్లా? కలెక్టరా? ఎగువన ఉన్న పాణ్యం వాళ్లా, దిగువన ఉన్న కోయిలకుంట్ల వాళ్లా? అడిగితే ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల వైపే వేలు చూపిస్తారు. కుందూ అసలు సమస్య అక్కడే ఉంది. ఈ నదికి నీళ్ల కొరత కొన్ని నెలలే. పట్టించుకునేవాళ్ల కొరత మాత్రం ఏడాది పొడవునా ఉంది.

అసలు ఈ నది కథేంటి? మురికి ఎంత? వరద ఎందుకు? జనం చేతుల్లో ఏముంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

పుట్టింది పాణ్యం నియోజకవర్గంలోనే

కుందేరు, కుందూ, కుముద్వతి.. పేర్లు మూడు, నది ఒకటే. ఓర్వకల్లు మండలం ఉప్పలపాడు దగ్గర పుడుతుంది. అసెంబ్లీ మ్యాప్‌లో చూస్తే ఓర్వకల్లు పాణ్యం నియోజకవర్గంలోకే వస్తుంది. అంటే నంద్యాల 'మా నది' అనుకునే కుందూకి పుట్టినిల్లు పాణ్యమే.

అక్కడి నుంచి దక్షిణానికి పారుతూ నంద్యాల, గోస్పాడు, కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ ప్రాంతాలు దాటుకుని, వైఎస్సార్ కడప జిల్లా కమలాపురం దగ్గర పెన్నాలో కలుస్తుంది. మొత్తం ప్రయాణం సుమారు 205 కిలోమీటర్లు. పడమర వైపు ఎర్రమలలు, తూర్పు వైపు నల్లమలలు. ఆ రెండు కొండల వరసల మధ్య పళ్లెంలా ఉన్న నల్లరేగడి నేలకి నడుమ గీత కుందూ.

పాణ్యం పేరు చెబితే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేవి పెద్ద ప్రాజెక్టులే. గోరుకల్లు రిజర్వాయర్, పిన్నాపురం పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు. కానీ పాణ్యం కొండల మీద పడిన వాన కిందికి దిగి చివరికి చేరేది కుందూకే. ఆ వాన నీళ్లను కుంటల్లో, చెరువుల్లో ఎంత ఆపగలిగితే నంద్యాలలో వరద అంత తగ్గుతుంది. ఆ వాగుల్ని ఎంత పూడ్చేస్తే దిగువన అంత ముంపు. పాణ్యానికీ కుందూకీ ఉన్న లెక్క ఇది.

రాళ్లకి కూడా మన ఊళ్ల పేర్లే

ఈ విషయం చాలామందికి తెలియదు. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో 'పాణ్యం క్వార్ట్‌జైట్', 'కోయిలకుంట్ల లైమ్‌స్టోన్', 'నంద్యాల షేల్' అని రాతి పొరల పేర్లు ఉంటాయి. దేశంలో ఎక్కడ జియాలజీ చదివేవాళ్లయినా కర్నూలు గ్రూప్ శిలల గురించి చదివితే ఈ పేర్లు నేర్చుకోవాల్సిందే. ఎర్రమలల మీద బల్లపరుపుగా కనిపించే గుట్టల నెత్తిన ఉన్న గట్టి రాయి పాణ్యం క్వార్ట్‌జైట్. కింద లోయలో పరుచుకున్న మెత్తటి పలకరాయి నంద్యాల షేల్. గట్టి రాయి కొండగా నిలబడింది. మెత్తటి రాయి అరిగి లోయ అయింది. ఆ లోయలో కుందూ పారుతోంది.

ఇంకో విషయం. కుందూ ఉపనది జుర్రేరు. బనగానపల్లె మండలంలో ఈ జుర్రేరు లోయలోనే జ్వాలాపురం ఉంది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో సుమారు 74 వేల ఏళ్ల కిందట టోబా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద సముద్రం దాటి వచ్చి జ్వాలాపురంలో పొరలు పొరలుగా పడింది. ఆ బూడిద పొరకు కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అంటే పేలుడుకి ముందూ ఇక్కడ మనుషులున్నారు, తర్వాతా ఉన్నారు. 2007లో 'సైన్స్' జర్నల్‌లో ఈ పరిశోధన రావడంతో ప్రపంచం మొత్తం జ్వాలాపురం వైపు చూసింది. మనం ఏం చేశాం? ఆ బూడిదను తవ్వి గిన్నెలు తోమే పౌడర్ల తయారీకి పంపాం.

అదే జుర్రేటి ఒడ్డున, కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని బ్రిటిష్ వాళ్లు ఉరితీశారు. సినిమా చూసి ఈలలు వేసిన మనలో ఎంతమందికి ఆ వాగు ఎక్కడుందో తెలుసు? ఆ వాగు నీళ్లు కలిసే నది కుందూ అని ఎంతమందికి తెలుసు?

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మనం విలువ తెలియనిదాన్నే డ్రైనేజీ చేస్తాం. మహానంది కోనేరులో చిల్లర వేస్తే అడుగున పడ్డ నాణెం కూడా కనిపిస్తుంది. అంత శుభ్రంగా ఎందుకుంది? నీళ్లు ఊరుతూ ఉండటం ఒక కారణం. అందులో చెత్త వేయకూడదని చిన్నపిల్లాడికి కూడా తెలియడం ఇంకో కారణం. నవ నందుల్లో ఒకటైన ప్రథమ నంది నంద్యాలలో చామకాలువ ఒడ్డునే ఉంది. గుడి లోపల చెప్పులు కూడా వేసుకోం. గుడి పక్కన పారే కాలువను మాత్రం చూడలేం.

నదా? కాలువా?

కుందూకి ఇంకో తలనొప్పి ఉంది. దీన్ని 150 ఏళ్లుగా సగం నదిగా, సగం కాలువగా వాడుతున్నాం.

1863లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ కర్నూలు-కడప కాలువ పనులు మొదలుపెట్టింది. అదే మన కేసీ కెనాల్. సాగు నీళ్లతో పాటు పడవలు కూడా నడపాలని ప్లాన్. 1870 నాటికి కాలువ పూర్తయింది కానీ కంపెనీకి లాభాలు రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి మొదలయ్యే ఈ కాలువ కింద ఇప్పుడు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. దిగువన రాజోలి ఆనకట్ట దగ్గర కుందూ నీళ్లనే ఈ ఆయకట్టుకు మళ్లిస్తారు.

తర్వాత శ్రీశైలం వచ్చింది. పోతిరెడ్డిపాడు నుంచి కృష్ణా నీళ్లు బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్‌కి వస్తాయి. అక్కడి నుంచి నిప్పులవాగులోకి వదిలితే గాలేరు మీదుగా కుందూలోకి చేరతాయి. అంటే వర్షాకాలంలో కుందూ మూడు రకాల నీళ్లు మోయాలి. ఎర్రమలల వాన, నల్లమలల వాన, పైన కృష్ణా వరద. వేసవిలో మాత్రం మోయడానికి ఏమీ ఉండదు. ఊరి మురుగు తప్ప.

నదిని వెడల్పు చేయాలి, లోతు పెంచాలి అనే డిమాండ్ పాతదే. ముంపు బాధపడే రైతులకి అది న్యాయమైన కోరికే. కానీ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఎన్ని క్యూసెక్కులు పట్టాలన్న లెక్క ఒక్కటే పెట్టుకుని తవ్వితే మిగిలేది కాలువే. నదికి మలుపులుంటాయి, మడుగులుంటాయి, గట్టు మీద చెట్లుంటాయి. వరద వేగాన్ని తగ్గించేవి, వేసవిలో చేపల్ని, పక్షుల్ని బతికించేవి అవే. వెడల్పు చేసేటప్పుడు వాటిని ఎలా కాపాడతారు అని అడిగే హక్కు ఒడ్డున ఉన్న ప్రతి ఊరికీ ఉంది.

దేశం లిస్టులో మన నది.. గర్వపడే లిస్టు కాదు

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో కలుషితమైన 351 నదీ భాగాల లిస్టు ఇచ్చింది. ఏపీ నుంచి 5 ఉన్నాయి. గోదావరి, కృష్ణా, తుంగభద్ర, నాగావళి.. ఐదోది కుందూ. 'నంద్యాల నుంచి మద్దూరు వరకు' అని రాశారు. మహా నదుల పక్కన మన చిన్న నది పేరు కనిపించింది ఇలా!

ఈ లిస్టుకి కొలత బీఓడీ. సింపుల్‌గా చెప్పాలంటే, నీళ్లలో ఉన్న మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ ఎంత అన్నది. మురికి ఎక్కువైతే బీఓడీ పెరుగుతుంది, చేపలకి ఆక్సిజన్ మిగలదు. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు స్నానానికి కూడా పనికిరావు.

మురికి ఎక్కడి నుంచి వస్తోంది? ఒక చిన్న లెక్క వేద్దాం. 2011 జనాభా లెక్కల నాటికే నంద్యాల జనం 2 లక్షలు దాటారు. డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు అన్నది ప్రభుత్వ ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజినీర్లు లెక్కగడతారు. ఆ లెక్కన రోజుకి 2.16 కోట్ల లీటర్ల మురుగు. క్యూసెక్కుల్లోకి మారిస్తే దాదాపు 9 క్యూసెక్కులు.

వర్షాకాలంలో వేల క్యూసెక్కుల ముందు 9 క్యూసెక్కులు కనపడవు. కానీ ఏప్రిల్, మే నెలల్లో నది ఎండిపోయినప్పుడు ఆ మురుగే నది. బ్రిడ్జి మీద ముక్కు మూసుకునేది దానికే. ఆ నీళ్లు అక్కడితో ఆగవు. గోస్పాడు, కోయిలకుంట్ల వైపు పశువులు తాగేదీ, మోటార్లు పెట్టి రైతులు పొలాలకి తోడుకునేదీ అదే ప్రవాహం నుంచి.

జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ 351 భాగాల మీద 2018 సెప్టెంబర్‌లో కేసు చేపట్టింది. ప్రతి రాష్ట్రం నదుల పునరుద్ధరణ కమిటీ వేసి, యాక్షన్ ప్లాన్ ఇవ్వాలని చెప్పింది. 2020 మార్చి 31 లోపు శుద్ధి మొదలుపెట్టకపోతే నదిలో కలిసే ఒక్కో డ్రైనుకు నెలకు రూ.5 లక్షల పరిహారం కట్టాలని 2019లో ఆదేశించింది. ఆదేశాలున్నాయి, కమిటీలున్నాయి, ప్లాన్లున్నాయి. లేనిది ఒక్కటే. 'ఆ ప్లాన్ ఎంతవరకు వచ్చింది సార్?' అని ప్రతి నెలా అడిగే ఊరి మనుషులు.

వరద.. బుడమేరు నేర్పిన పాఠం

2019 సెప్టెంబర్ గుర్తుందా? భారీ వానలకి మహానంది ఆలయంలోకే వరద నీళ్లు వచ్చాయి. కుందూ, దానితో పాటు వాగులు పొంగి ఊళ్లకి రాకపోకలు ఆగిపోయాయి. పంట పొలాలు మునిగాయి. నంద్యాల వాళ్లకి ఇది కొత్త కాదు. కుందూ ఒకవైపు, ఊరి మధ్యలో చామకాలువ, మద్దిలేరు ఇంకోవైపు. మూడూ ఒకేసారి పొంగితే లోతట్టు కాలనీల పరిస్థితి ఏంటో అక్కడుండేవాళ్లకే తెలుసు.

'ఇది చిన్న వాగే కదా' అనుకుంటే ఏమవుతుందో విజయవాడ చూసింది. 2024 సెప్టెంబర్ మొదటి రోజు బుడమేరు ఊరి మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం లాంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. కృష్ణా నదిని చూసి భయపడే నగరం పక్కనే ఉన్న బుడమేరుని మరిచిపోయింది. వాగు దారిలో ఇళ్లు లేచాయి. నీళ్లు మాత్రం తమ దారి మరిచిపోలేదు.

నంద్యాల ఇప్పుడు జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లా అయినప్పటి నుంచి ప్లాట్ల రేట్లు ఎలా పెరిగాయో మీకు తెలుసు. భూమి రేటు పెరిగినప్పుడు మొదట కుంచించుకుపోయేది వాగు, తర్వాత కుంట, ఆ తర్వాత నది గట్టు. ఇప్పుడు హద్దురాళ్లు వేయకపోతే పదేళ్ల తర్వాత వేయడానికి చోటు కూడా ఉండదు.

650 ఏళ్ల కిందటే చెప్పారు

కుందూ లోయకి ఎంతో దూరంలో లేని పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి విజయనగర కాలపు శాసనం ఉంది. మంచి చెరువుకి ఏమేం ఉండాలో 12 లక్షణాలు, ఏమేం ఉండకూడదో 6 దోషాలు అందులో చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి వింతగా ఉంటుంది. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదట!

ఎందుకు? రెండు రాజ్యాల మధ్య ఉంటే గట్టు తెగినప్పుడు బాగుచేసేవాడు ఉండడు. 'నీ వైపు తెగింది' అంటే 'నీ వైపు తెగింది' అంటారు.

కుందూకి ఉన్న దోషం సరిగ్గా అదే. రాజ్యాలు రెండు కాదు, ఇంకా ఎక్కువ. నీళ్లు జలవనరుల శాఖవి. మురుగు మున్సిపాలిటీది. ఆక్రమణలు రెవెన్యూ వాళ్లవి. నీటి నాణ్యత కాలుష్య నియంత్రణ మండలిది. ఊరు దాటితే పంచాయతీలవి. ప్రతి శాఖకీ నదిలో ఒక ముక్క ఉంది. మొత్తం నది ఎవరి టేబుల్ మీదా లేదు.

పోరాటం మనకి తెలియని పనా?

ఇక్కడ ఇంకో కోణం చూడాలి. నీళ్ల గురించి సీమ జనానికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1937 నవంబర్ 16న శ్రీబాగ్ ఒప్పందం నుంచి ఇప్పటిదాకా ఇక్కడి రాజకీయం నీళ్ల చుట్టూనే తిరుగుతోంది. 2016 మే 31న సిద్ధేశ్వరం అలుగుకి ప్రజలే శంకుస్థాపన చేస్తామని వేలమంది రైతులు కదిలారు. పోలీసులు అడ్డుకున్నా వెనక్కి తగ్గలేదు. ఆ ఉద్యమంలో నంద్యాల కేంద్రంగా పనిచేసే రాయలసీమ సాగునీటి సాధన సమితి ముందుంది.

రైతులకి సంఘాలు కూడా ఉన్నాయి. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకి 2024 డిసెంబర్‌లో మళ్లీ ఎన్నికలు జరిగాయి. కాలువ మీద రైతుకి ఓటు ఉంది. మరి నది మీద? నంద్యాలలో కుందూ పక్కన ఇల్లున్న మనిషికి, పాణ్యంలో వాగు పక్కన పొలం ఉన్న మనిషికి, కలిసి కూర్చునే ఒక్క వేదిక లేదు.

రావాల్సిన నీళ్ల కోసం రోడ్డెక్కాం. అది సరైనదే. ఉన్న నది కోసం కూడా అంతే గట్టిగా అడిగితే తప్పేముంది? నిజానికి మన వాదన ఇంకా బలపడుతుంది. 'మా నదిని మేం ఇలా చూసుకుంటున్నాం, మా వాటా మాకివ్వండి' అని చెప్పగలం.

జనం చేతుల్లో ఏముంది?

రాజస్థాన్‌లో అల్వార్ జిల్లాలో అర్వరి అనే చిన్న నది ఉంది. ఎండిపోయిన ఆ నది పరీవాహకంలో ఊళ్ల వాళ్లే చిన్న చిన్న మట్టి కట్టలు కట్టుకుంటూ వచ్చారు. నది మళ్లీ పారింది. ఆ తర్వాత 1990ల చివర్లో 70కి పైగా ఊళ్లు కలిసి 'అర్వరి సంసద్' పెట్టుకున్నాయి. నది పార్లమెంట్ అన్నమాట. చెరకు లాంటి ఎక్కువ నీళ్లు తాగే పంటలు వద్దనే వరకు వాళ్లే నియమాలు రాసుకున్నారు. దానికి ప్రభుత్వ చట్టం వెనకాల లేదు. ఊళ్ల మాటే చట్టం.

మన దగ్గర అంత పెద్దది వెంటనే కాకపోవచ్చు. కానీ ఈ కింది పనులకి కోట్లు అక్కర్లేదు.

1. నెలకోసారి నీటి పరీక్ష. నంద్యాలకి ఎగువన ఒకచోట, ఊళ్లో ఒకచోట, దిగువన ఒకచోట. కాలేజీల కెమిస్ట్రీ ల్యాబ్‌లు తలచుకుంటే చేసే పనే. మూడు అంకెలు పక్కపక్కన పెడితే మురికి ఎక్కడ కలుస్తోందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

2. వరద గుర్తులు. 2019లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో కాలనీల్లో పెద్దవాళ్లకి ఇంకా గుర్తుంది. ఆ ఎత్తులో గోడల మీద, స్తంభాల మీద గీత గీసి సంవత్సరం రాయాలి. ప్లాట్ కొనేవాడికి అంతకంటే మంచి డాక్యుమెంట్ ఉండదు.

3. హద్దురాళ్లు అడగడం. కుందూ, చామకాలువ, మద్దిలేరు సర్వే హద్దులేంటో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. రికార్డు బయటికి వస్తే ఆక్రమణ దాక్కోలేదు.

4. యాక్షన్ ప్లాన్ మీద ప్రశ్న. హరిత ట్రిబ్యునల్ అడిగిన ప్లాన్‌లో కుందూకి ఏం రాశారు, ఎంత చేశారు? కౌన్సిల్ సమావేశంలో వార్డు కౌన్సిలర్ చేత అడిగించండి. ఓటు మీది.

5. పాణ్యం, ఓర్వకల్లు కుంటలు. పూడిక తీసిన ప్రతి కుంటా నంద్యాలకి వరద తగ్గిస్తుంది, పాణ్యం బోరుకి నీళ్లు ఇస్తుంది. నంద్యాల వాళ్లు ఎగువ కుంట కోసం శ్రమదానానికి వెళ్తే అది దానం కాదు, సొంత కాలనీకి చేసుకునే ఇన్సూరెన్స్.

6. పిల్లలకి నది చూపించడం. స్కూలు టూర్ అంటే హైదరాబాద్ బస్సే ఎక్కాలా? జ్వాలాపురం, జుర్రేరు ఒడ్డు, రాజోలి ఆనకట్ట.. అన్నీ ఒక్క రోజులో తిరిగి రావొచ్చు. పాణ్యం క్వార్ట్‌జైట్ రాయి చేతిలో పెట్టి 'ఇది నీ ఊరి పేరు' అని చెబితే ఆ పిల్లాడు రేపు వాగులో చెత్త వేయడానికి ఆలోచిస్తాడు.

ఇవన్నీ చేసినా రోజుకి 2 కోట్ల లీటర్ల మురుగు చీపురుతో ఆగదు. శుద్ధి ప్లాంట్లు ప్రభుత్వమే కట్టాలి, నడపాలి. ఆ బాధ్యత జనం మీదికి నెట్టేయడం కుదరదు. జనం పని వేరే ఉంది. ఆ ప్లాంట్ కట్టేదాకా అడగడం, కట్టాక నడుస్తోందో లేదో చూడటం.

ఈసారి కుందూ బ్రిడ్జి మీద వెళ్లేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. వరద లేని రోజు, పూజ కవర్ లేని రోజు ఆగండి. కింద నీళ్లు ఏ రంగులో ఉన్నాయో ఒక వీడియో తీయండి. తేదీ వేసి మీ వార్డు గ్రూప్‌లో పెట్టండి. వచ్చే నెల అదే తేదీకి, అదే చోట నుంచి మళ్లీ తీయండి. వరద వీడియో ఎలాగూ అందరూ తీస్తారు. ఏడాది పొడవునా ఈ నదిని చూస్తున్నవాళ్లు ఉన్నారని అధికారులకి తెలియాల్సింది ఇలాంటి వీడియోలతోనే.